ఎండా, మాత్రా, పొడి ప్యాకెట్టా? తిరుపతి వాళ్లకు విటమిన్ డి లెక్క

"అన్నా, వారానికొకటి పాలల్లో కలుపుకొని తాగే పొడి ఉంటాదే, అది నాలుగు ఇయ్యి."

నేను పనిచేసే మందుల షాపులో ఈ మాట వినని వారం ఉండదు. చీటీ ఏదక్కా అంటే ఉండదు. పక్కింటామెకు డాక్టరు రాశాడు, ఆమెకు ఒళ్లు నొప్పులు తగ్గాయి, కాబట్టి ఈమెకూ కావాలి. ఒకటి తనకు, ఒకటి ఇంటాయనకు, ఒకటి కాలేజీకి పోయే పాపకు, ఒకటి అత్తకు. ప్రసాదం పంచినట్టు. అదే రోజు సాయంత్రం రిటైరైన సారొకాయన వచ్చి రిపోర్టు కాగితం కౌంటరు మీద పెడతాడు. "రోజూ పొద్దున్నే 6 గంటలకు అలిపిరి దాకా నడుస్తా నాయనా. ఎండ తగలకుండా ఒక్క రోజు లేను. అయినా డి 11 అని వచ్చింది. ల్యాబోళ్లు ఏమన్నా తప్పు రాసినారా?"

ల్యాబు వాళ్లు తప్పేం రాయలేదు. 6 గంటల ఎండలో విటమిన్ డి తయారు చేసే సరుకే ఉండదు.

ఒంటికి డి తెచ్చుకోవడానికి ఎండ, తిండి, రోజు మాత్ర, వారం పొడి, ఇంజెక్షన్ అని ఐదు దారులున్నాయి. వీటిలో ఎవరికి ఏది సరిపోతుందో, కౌంటరు ఇవతల నిలబడి చూసిందీ చదివి తెలుసుకున్నదీ కలిపి చెప్తాను. నేను ఫార్మసిస్టును, డాక్టరును కాను. డాక్టరు దగ్గరికి పోవాల్సిన చోట ఆ మాటే చెప్తాను.

ఇంత ఎండ పెట్టుకొని కొరతేంది?

మే నెలలో రైల్వే స్టేషను నుంచి గోవిందరాజస్వామి గుడి దాకా నడిచినవాళ్లెవరికైనా ఈ అనుమానం వస్తుంది. 2007లో తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి డాక్టర్లు ఈ ప్రాంతంలో పట్నం వాళ్లనీ పల్లెవాళ్లనీ పోల్చి ఒక పరిశోధన ప్రచురించారు. ఏ జబ్బూ లేదనుకున్నవాళ్లలోనే డి కొరత చాలా కనబడింది. ఎండలో పని చేసుకునే పల్లెవాళ్ల రక్తంలో పట్నం వాళ్ల కంటే డి మెరుగ్గా ఉంది. అయితే ఇద్దరి తిండిలోనూ కాల్షియం తక్కువే. గింజల్లో ఉండి ఆ కాల్షియాన్ని ఒంటికి అందకుండా పట్టేసుకునే ఫైటేట్లు మాత్రం దండిగా ఉన్నాయి. ఈ చివరి ముక్కను జ్ఞాపకం పెట్టుకోండి, సంగటి దగ్గర మళ్లీ పనికొస్తుంది.

ఎండ ఊరి మీద పడితే చాలదు, చర్మం మీద పడాలి. మన చర్మంలో 7-డీహైడ్రోకొలెస్టరాల్ అని ఒక కొవ్వు పదార్థం ఉంటుంది. ఎండలోని యూవీ-బి కిరణాలు దాని మీద పడితే అది విటమిన్ డి3గా మారే పని మొదలవుతుంది. తర్వాత కాలేయం ఒక మార్పు, మూత్రపిండాలు ఇంకో మార్పు చేస్తే గానీ అది ఒంటికి పనికిరాదు. తిన్న కాల్షియాన్ని పేగుల్లోంచి లాగి రక్తంలోకి తేవడం దాని అసలు ఉద్యోగం. డి లేకపోతే పాలు తాగినా అందులో చాలా భాగం వృథానే.

మరి మనం ఏం చేస్తున్నాం? ఇంట్లో నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి ఇంటికి. స్కూటీ మీద పోయే ఆడపిల్లలు ముఖానికి చున్నీ చుట్టి, చేతులకు పొడుగు గ్లవుజులు తొడుగుతారు. కళ్లు తప్ప ఏం కనబడదు. వాళ్లను తప్పు పట్టను, ఆ ఎండకు మంగు వస్తుందని వాళ్ల భయం, నిజంగానే వస్తుంది. కారు అద్దంలోంచి, ఆఫీసు కిటికీ అద్దంలోంచి పడే ఎండ వేడి పుట్టిస్తుంది కానీ అద్దం యూవీ-బిని ఆపేస్తుంది, కాబట్టి అది లెక్కలోకి రాదు. కొండకు నడిచిపోయేవాళ్లకు కూడా ఒక మాట. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కితే గుండెకు మంచిది, కాళ్లకు మంచిది, పుణ్యం సంగతి స్వామి చూసుకుంటాడు. దారిలో చాలా మేర పైన కప్పు ఉంది కాబట్టి డి మాత్రం పెద్దగా రాదు.

ఎండను ఎంచుకుంటే: గడియారం కంటే నీడను చూడండి

ఎండ దారికి ఖర్చు లేదు. ఎంత సేపున్నా డి మోతాదు మించదు కూడా. అవసరానికి మించి తయారైతే చర్మమే దాన్ని వేరే పదార్థాలుగా మార్చి పారేస్తుంది. మాత్రకు ఆ తెలివి లేదు. అందుకే ఆరోగ్యంగా ఉండి, మిద్దె ఎక్కగలిగిన వాళ్లకు నేను మొదట ఎండనే చెప్తాను. ఎటొచ్చీ, ఏ ఎండ అన్నదే పేచీ.

పొద్దున, సాయంత్రం సూర్యుడు వాలుగా ఉంటాడు. కిరణాలు గాలిపొరలో ఎక్కువ దూరం రావాలి, దారిలోనే ఓజోను యూవీ-బిని మింగేస్తుంది. మనకు చేరేది వెలుగూ వేడే. చర్మంలో ఉండే ఆ పదార్థాన్నే ఆంపుల్స్‌లో, అంటే చిన్న గాజు బుడ్లలో పోసి, తిరుపతి ఎండలో పొద్దున 8 నుంచి సాయంత్రం 4 దాకా గంట గంటకూ పెట్టి చూసిన పరిశోధన ఒకటి 2013లో వచ్చింది. 11 నుంచి 2 గంటల మధ్యే డి తయారీ అన్నిటికంటే ఎక్కువ అని తేలింది. మన ఊరి ఎండతో మన ఊళ్లోనే తేల్చిన సంగతి కాబట్టి, ఎక్కడో చలిదేశం వాళ్ల కోసం రాసిన సలహాల కంటే దీన్నే నేను నమ్ముతాను.

గంటలు గుర్తుండవంటే సులువైన గుర్తు ఉంది. ఎండలో నిలబడి నీడ చూసుకోండి. నీడ మీకంటే పొట్టిగా ఉంటే డి తయారవుతుంది. మీకంటే పొడుగ్గా ఉంటే ఆ ఎండ నడకకే. తిరుపతి భూమధ్యరేఖకు 13.6 డిగ్రీలు ఉత్తరాన ఉంది. ఆ లెక్కన మే నెలలో 9 గంటలు దాటగానే నీడ మన ఎత్తు కంటే పొట్టిదవుతుంది. డిసెంబరులో అయితే 10.20 దాకా ఆగాలి, మధ్యాహ్నం 1.50 ప్రాంతానికల్లా మళ్లీ పొడుగవుతుంది. ఏప్రిల్ 26, ఆగస్టు 17 ప్రాంతాల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీద ఉంటాడు, నీడ కాళ్ల కిందే. ఏడాదిలో ఏ నెలా మనకు పనికిరాని నెల కాదు. ఇంగ్లండు వాళ్లకు ఆ భాగ్యం లేదు. అక్కడ చలికాలం నెలల తరబడి ఎండ ఉన్నా డి రాదు.

కాబట్టి ఎండాకాలంలో 9 నుంచి 9.45 మధ్య. వేడి ముదరక ముందే పని అయిపోతుంది. చలికాలంలో 10.30 నుంచి 1.30 మధ్య ఎప్పుడైనా. మోచేతుల పై దాకా చేతులు, మోకాళ్ల కింద కాళ్లు బయట ఉండాలి. ముఖం ఒక్కటే పెడితే చాలదు, కావాలంటే ముఖానికి నీడ పట్టుకోవచ్చు. ఇరవై నిమిషాల నుంచి అరగంట, వారానికి మూడు నాలుగు రోజులు. చామనఛాయ, నలుపు ఒళ్లయితే ఇంకొంచెం ఎక్కువ సేపు, ఎందుకంటే రంగునిచ్చే మెలనిన్ యూవీ-బిని అడ్డుకుంటుంది. చర్మం ఎర్రబడే దాకా, కళ్లు తిరిగే దాకా ఉండాల్సిన పని లేదు. మే నెల ఒంటిగంట ఎండలో డి కోసం నిలబడ్డానని ఎవరైనా చెప్తే తిట్టండి. వడదెబ్బ డి కొరత కంటే తొందరగా మనిషిని పడేస్తుంది.

ఇంట్లో ఆడవాళ్లకు నేను చెప్పే ఉపాయం ఒకటుంది. వడియాలు, ఎండుమిరపకాయలు, ఉతికిన బట్టలు ఎలాగూ మిద్దె మీద వేస్తారు. ఆ పని ఏడున్నరకు కాకుండా, ఎండాకాలమైతే తొమ్మిదికి, చలికాలమైతే పదిన్నరకు పెట్టుకోండి, చేతులు పైకి మడిచి. వేరే టైము కేటాయించక్కర్లేదు.

పొద్దునే నడిచే సారు నిరాశ పడనక్కర్లేదు. పొద్దుటి వెలుగు ఒంట్లో గడియారాన్ని సరిచేస్తుంది, రాత్రి నిద్ర పట్టడానికి తోడ్పడుతుంది. పిల్లలు పగటి వెలుగులో బయట ఆడుకుంటే చూపు దగ్గరికి కుదించుకుపోయే సమస్య, అంటే మయోపియా, వచ్చే అవకాశం తగ్గుతుందని మంచి ఆధారాలున్నాయి. ఇవి ఏ మాత్రలోనూ దొరకవు. రథసప్తమి నాడు తిరుమలలో సూర్యప్రభ వాహనం ముందు తెల్లారుజామున నిలబడే జనానికి, మార్చిలో నాగలాపురం వేదనారాయణస్వామి గుడిలో మూలవిరాట్టు మీద పడే సూర్యకిరణాలు చూడటానికి పోయేవాళ్లకు దక్కేది వేరే. దాన్ని నానోగ్రాముల్లో కొలవడం నా పని కాదు.

ఎండ ఎవరికి కుదరదు? డెబ్బై దాటినవాళ్లకు చర్మంలో డి తయారీ పిల్లల్లో ఉన్నదాంట్లో సగానికి పైగా పడిపోతుంది. మంచం మీద ఉన్నవాళ్లు, ఒళ్లంతా కప్పుకునే బట్టలు వేసుకునేవాళ్లు, రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునేవాళ్లు, ఎండ పడితే దద్దుర్లు వచ్చే లూపస్ లాంటి జబ్బులున్నవాళ్లు, మంగు ముదిరినవాళ్లు. వీళ్లు ఎండ కోసం కుస్తీ పట్టొద్దు, మాత్ర తీసుకోవచ్చు.

మాత్రలు: రోజుదా, వారానిదా?

ముందు లెక్క తెలిస్తే మిగతాదంతా సులువు. జాతీయ పోషకాహార సంస్థ, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) కలిసి 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 600 యూనిట్లు (డబ్బా మీద IU అని ఉంటుంది), 60 దాటినవాళ్లకు 800. కొన్ని డబ్బాల మీద మైక్రోగ్రాముల్లో రాస్తారు. ఒక మైక్రోగ్రాము అంటే 40 యూనిట్లు. సొంతంగా రోజుకు 4,000 దాటకూడదు.

ఇప్పుడు మన ప్రఖ్యాత పొడి ప్యాకెట్టు. అందులో 60,000 యూనిట్లు ఉంటాయి. వారానికొకటి అంటే రోజుకు దాదాపు 8,570 పడ్డట్టు. అది కొరత తేలినవాళ్లకు, ఖాళీ అయిన తొట్టిని తొందరగా నింపడానికి రాసేది. మామూలుగా ఎనిమిది వారాలు, ఆ తర్వాత ఆపి తక్కువ మోతాదుకు రావాలి. నెలకొకటి అంటే రోజుకు 2,000 లెక్క, అది నిలబెట్టే మోతాదు. చీటీలో "వారానికి" అని రాసిందా "నెలకు" అని రాసిందా అన్నది అందుకే ముఖ్యం. రెండు మూడుసార్లయినా నా దగ్గరికే వచ్చి అడిగి పొండి, నాకేం విసుగు లేదు.

ఎందుకంత గట్టిగా చెప్తున్నానంటే, ఒకావిడ ఎనిమిది వారాల కోర్సును ఎనిమిది రోజుల కోర్సనుకుంది. రోజుకొకటి పాలలో కలుపుకొని తాగి, అయిపోయింది ఇంకో ఎనిమిది ఇయ్యమని వచ్చింది. నాలుగు లక్షల ఎనభై వేల యూనిట్లు! మళ్లీ ఇవ్వకుండా డాక్టరు దగ్గరికి పంపాను, రక్తంలో కాల్షియం చూశారు, అదృష్టం బాగుండి ఏం కాలేదు. ఇలాగే నెలల తరబడి పోతే రక్తంలో కాల్షియం పెరిగిపోతుంది. వాంతులు, మలబద్ధకం, ఆగని దాహం, మాటిమాటికీ ఒంటికి పోవడం, అయోమయం, చివరికి కిడ్నీలు దెబ్బతినడం దాకా పోతుంది. డి కొవ్వులో నిలవ ఉంటుంది కాబట్టి మందు ఆపిన మరునాటికి తగ్గిపోయే బాధ కాదు.

రోజు మాత్ర, అంటే 1,000 లేదా 2,000 యూనిట్లది, ఇంత హడావుడి చేయదు. మరిచిపోయినా పెద్ద ఇబ్బంది లేదు, రెండు వేసుకున్నా మునిగిపోదు. ఎండకు పోలేనివాళ్లకు, పెద్దవాళ్లకు ఇదే నా ఓటు. రోజూ వేసుకోవడం ఎవరికి గుర్తుండదో వాళ్లకు డాక్టరు నెలకొకటి రాస్తాడు, అదీ మంచిదే. ఏదైనా అన్నం తిన్నాక వేసుకోండి, కొంచెం నెయ్యో నూనో పడిన భోజనమైతే ఇంకా మంచిది. డి కొవ్వులో కరుగుతుంది, పరగడుపున వేసుకుంటే ఒంటికి తక్కువ పడుతుంది.

ఇక్కడ ఒక మోసం కాని మోసం ఉంది. కాల్షియం మాత్రలో సాధారణంగా 250 లేదా 500 యూనిట్ల డి3 కలిపే ఉంటుంది. మల్టీవిటమిన్‌లో ఇంకొంచెం. వాటి మీద వారం ప్యాకెట్టు. మూడూ మూడు డాక్టర్లు రాసి ఉంటారు, ఒకరికొకరు తెలియదు. ఇంట్లో ఉన్న డబ్బాలన్నీ ఒక సంచిలో వేసుకొని వస్తే ఐదు నిమిషాల్లో కూడి చెప్తాను.

డి2, డి3 అని రెండు రకాల డి దొరుకుతాయి. రక్తంలో స్థాయి పెంచి నిలబెట్టడంలో డి3 మేలు. అయితే తిరుపతిలో నన్ను తరచూ అడిగే ప్రశ్న మరొకటి: "ఇది శాకాహారమేనా?" ఉన్నది ఉన్నట్టు చెప్తాను. మెత్తటి గుళికల తొడుగు ఎక్కువగా జెలటిన్, అంటే జంతువుల చర్మం, ఎముకల నుంచి వచ్చేది. లోపలి డి3 సాధారణంగా గొర్రె ఉన్నిలోని కొవ్వు నుంచి తీస్తారు. ఉన్ని వరకు ఫరవాలేదనుకునేవాళ్లు గుళిక మానేసి పొడో మాత్రో తీసుకుంటారు. అదీ వద్దంటే రాతిపాచి లాంటి లైకెన్ నుంచి తీసిన డి3, లేదా డి2 ఉన్నాయి. ధర కొంచెం ఎక్కువ.

పేరులో డి ఉందని ఆల్ఫాకాల్సిడాల్, కాల్సిట్రయాల్ గుళికలను వీటితో కలపొద్దు. అవి ముఖ్యంగా కిడ్నీ, పారాథైరాయిడ్ సమస్యలున్నవాళ్లకు, ఒంట్లో జరగాల్సిన మార్పు ముందే జరిపించి ఇచ్చే మందులు. పక్కింటాయన దగ్గర మిగిలాయని తెచ్చుకొని వేసుకునేవి కావు.

ఇంజెక్షన్ సంగతి తొందరగా చెప్పేస్తాను. ఒకేసారి ఆరు లక్షల యూనిట్లు కండలోకి ఎక్కించేది మన దగ్గర ఇప్పటికీ అడుగుతారు, "ఒక్క సూదితో అయిపోతాది" అని. పేగులు మందును పీల్చుకోలేని వాళ్లకు డాక్టరు ఆలోచించి ఇస్తాడు. మిగతావాళ్లకు నాకు నచ్చదు. ఆస్ట్రేలియాలో డెబ్బై దాటిన ఆడవాళ్లకు ఏడాదికోసారి ఐదు లక్షల యూనిట్లు నోటి ద్వారా ఇచ్చి చూశారు. 2010లో వచ్చిన ఫలితం ఏంటంటే, మందు తీసుకున్నవాళ్లే ఎక్కువగా కిందపడ్డారు, వాళ్లకే ఎముకలు ఎక్కువ విరిగాయి. ఏడాది తిండి ఒక్క పూటలో తినిపించినట్టు.

తిండితో అయిపోతుందా?

డి వరకైతే కాదు. గుడ్డు పచ్చసొనలో సుమారు 40 యూనిట్లు. 600 కావాలంటే పదిహేను గుడ్లు. డి కలిపిన ప్యాకెట్టు పాలు, ప్లస్ గుర్తు పక్కన ఎఫ్ అక్షరం ఉన్నవి, లీటరుకు 200 నుంచి 300 యూనిట్లు. ఒక గ్లాసుకు 40, 60 వస్తాయి. నూనె ప్యాకెట్లలో కూడా అదే గుర్తు చూడండి. కవళ్లు, కానగంతలు లాంటి కొవ్వున్న సముద్రపు చేపలు వీటన్నిటికంటే చాలా మేలు, కానీ వారానికి రెండుసార్లు తినే ఇళ్లు మన వైపు ఎన్ని? పుట్టగొడుగులను కోసి, తొడిమెలు పైకి పెట్టి మధ్యాహ్నపు ఎండలో కాసేపు ఉంచితే వాటిలోనే డి2 పెరుగుతుంది. ఇది నిజమే, చేసి చూడొచ్చు.

తిండి అసలు అక్కరకొచ్చేది కాల్షియం దగ్గర. పెద్దవాళ్లకు రోజుకు 1,000 మిల్లీగ్రాములు కావాలి. చిత్తూరు వాళ్లం రాగి సంగటి తింటాం, మాకేం కాల్షియం కొరత అంటారు. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దగ్గర దగ్గర కాల్షియం ఉన్న మాట నిజం. కానీ ఇందాక చెప్పిన ఫైటేట్లు రాగుల్లోనూ ఉన్నాయి. నానబెట్టి మొలకెత్తించి దంచిన పిండిలో, రాత్రంతా పులిసిన అంబలిలో అవి తగ్గుతాయి. మన అవ్వలు అంబలి ఎందుకు పులియబెట్టేవాళ్లో వాళ్లకు రసాయనశాస్త్రం తెలియకపోయినా కడుపుకు తెలుసు. సంగటి పక్కన కప్పు పెరుగు, మునగాకు తాళింపు, నువ్వుల పొడి ఉంటే ఇంకేం కావాలి. జిల్లా అంతా పాలకేంద్రాలే, పొద్దునే క్యాన్లు నింపి పంపే ఇళ్లలోనే గ్లాసు పాలు మిగుల్చుకోని వాళ్లను చూశాను. ఎండలో రోజంతా ఒళ్లు కాల్చుకునే రైతుకు డి మాత్ర కొనడం కంటే అమ్మేసే పాలల్లో అర్ధ లీటరు ఇంట్లో పెట్టుకోవడం మంచిది.

టెస్టు చేయించాలా?

ఒళ్లు నొప్పులని పోతే ప్యాకేజీలో డి కూడా చేసేస్తున్నారు. ఎముకల్లో లోతుగా నొప్పి, కింద కూర్చొని లేవడానికి తొడల్లో బలం చాలకపోవడం, చిన్న దెబ్బకే ఎముక విరగడం, పిల్లల కాళ్లు వంకర పోవడం ఉంటే టెస్టు చేయించాల్సిందే. కిడ్నీ, కాలేయ జబ్బులున్నవాళ్లకు, ఫిట్స్ మందులు ఏళ్లుగా వాడేవాళ్లకు, టీబీకి రిఫాంపిసిన్ వాడేవాళ్లకు కూడా. ఏ బాధా లేని పెద్దవాళ్లు ఊరికే టెస్టు చేయించుకోనక్కర్లేదని 2024లో ఎండోక్రైన్ సొసైటీ, అంటే హార్మోన్ల డాక్టర్ల సంఘం, మార్గదర్శకాలు చెప్పాయి. నా అభిప్రాయమూ అదే. ఆ డబ్బు పాలకు పెట్టండి.

చేయించుకుంటే రిపోర్టులో 25-హైడ్రాక్సీ విటమిన్ డి అని ఉండాలి. యూనిట్లు చూడండి: మిల్లీలీటరుకు 20 నానోగ్రాములు, లీటరుకు 50 నానోమోల్‌లు ఒకటే. ఒకాయన 48 చూసి సంబరపడి పోయాడు, అది నానోమోల్‌ల్లో ఉంది. 20 నానోగ్రాములు దాటితే చాలామందికి ఎముకల వరకు సరిపోతుంది. 12 కంటే తక్కువైతే నిజమైన కొరత. మధ్యలో ఉన్నవాళ్లకు తొందరేం లేదు. మందు మొదలుపెట్టాక మూడు నెలలకు ముందు మళ్లీ టెస్టు చేయించడం దండగ, స్థాయి నిలకడకు రావడానికి అంత కాలం పడుతుంది.

ఇంకో మాట. అలసట, నొప్పులన్నిటికీ డి కారణం కాదు. రక్తం తక్కువగా ఉండొచ్చు, థైరాయిడ్ ఉండొచ్చు, మాంసం, గుడ్డు ముట్టని ఇళ్లలో బి12 తక్కువుండొచ్చు. డి ప్యాకెట్టు తాగుతూ థైరాయిడ్‌ను ఆరు నెలలు వాయిదా వేసిన కేసులు చూశాను.

ఎంత మేలు ఆశించాలి?

కొరత ఉన్నవాళ్లకు మేలు కచ్చితం. ఎముకలు మెత్తబడే జబ్బు తగ్గుతుంది, పిల్లల్లో రికెట్స్ రాకుండా ఉంటుంది, కండల్లో బలం వస్తుంది. అంతకు మించి షుగరు రాదు, గుండెపోటు రాదు, క్యాన్సరు రాదు అని చెప్పేవాళ్లను నమ్మొద్దు. అమెరికాలో 25,871 మందితో వైటల్ అనే పెద్ద అధ్యయనం జరిగింది. కొరత ఉందా లేదా అని చూడకుండా రోజుకు 2,000 యూనిట్లు ఐదేళ్లకు పైగా ఇచ్చారు. క్యాన్సరు, గుండెజబ్బులు కొత్తగా రావడం తగ్గలేదు, 2022లో చూస్తే ఎముకలు విరగడమూ తగ్గలేదు. కీళ్లవాతం లాంటి ఆటోఇమ్యూన్ జబ్బులు, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద తిరగబడేవి, మాత్రం కొంచెం తక్కువగా వచ్చాయి. తొట్టి నిండి ఉంటే పైన పోసేది పొర్లిపోవడమే.

ఇక ఎవరికి ఏది

అపార్టుమెంటులో ఉండి పగలు ఇంట్లోనే ఉండే నలభై, యాభై ఏళ్ల అక్కలకు మిద్దె ఎండ, పెరుగు. మిద్దెకు తాళం వేసే అపార్టుమెంటైతే రోజుకు 600 నుంచి 1,000 యూనిట్ల మాత్ర. ముట్లు ఆగాక కాల్షియం అవసరం 1,200కు పెరుగుతుంది, అది మరవొద్దు.

డెబ్బై దాటిన నాయనకు, అవ్వకు ఎండ మీద ఆధారపడకుండా రోజుకు 800 నుంచి 1,000 మాత్ర. పొద్దుటి పూట వరండాలో కూర్చోబెట్టండి, నిద్ర కోసం. కిందపడకుండా బాత్రూములో పట్టుకునే కడ్డీ వేయించండి. తుంటి ఎముకను మాత్ర కంటే ఆ కడ్డీ ఎక్కువ కాపాడుతుంది.

ఆఫీసు ఉద్యోగులకు సెలవు రోజుల్లో పిల్లలతో బయట తిరగడం, వారంలో రెండు రోజులు మధ్యాహ్నం క్యాంటీనుకు నీడ వదిలి ఎండ వైపు నడవడం. అదీ కుదరదంటే మాత్ర. స్కూటీ మీద చున్నీ కట్టుకునే అమ్మాయిలూ ముఖం కప్పుకొనే ఉండండి, ఇంటికెళ్లాక చేతులకూ కాళ్లకూ ఎండ చూపించండి.

పలమనేరు వైపు టమోటా తోటలో పనిచేసేవాళ్లకు డి కొనే పని లేదు, నెత్తిన తుండు, నీళ్లు, పాలు.

పసిబిడ్డలకు నూనె రాసి పొద్దుటెండలో పడుకోబెట్టే అలవాటు ముచ్చటైనదే, కానీ దాంతో డి రాదు, తల్లిపాలల్లోనూ చాలినంత ఉండదు. మొదటి ఏడాది రోజుకు 400 యూనిట్ల చుక్కల మందు పిల్లల డాక్టరు రాస్తాడు, మానొద్దు. ఆ సీసాలు మిల్లీలీటరుకు 400వి, 800వి రెండు రకాలుంటాయి. ఒకటి అయిపోయి ఇంకో కంపెనీది తెస్తే ఎంత వేయాలో మళ్లీ అడగండి, పాత గీత దాకా పోసేయకండి.

గర్భిణులు, కిడ్నీలో రాళ్లున్నవాళ్లు, రక్తంలో కాల్షియం ఎక్కువున్నవాళ్లు, సార్కాయిడోసిస్ (ఊపిరితిత్తుల్లాంటి చోట్ల చిన్న గడ్డలు కట్టే జబ్బు) ఉన్నవాళ్లు, బీపీకి థయాజైడ్ రకం నీళ్ల మాత్ర వాడేవాళ్లు ఏదీ సొంతంగా మొదలుపెట్టొద్దు. చిన్న మోతాదైనా సరే, డాక్టరు మాట తర్వాతే.

నాలుగు ప్యాకెట్లు అడిగిన అక్కకు ఇదంతా ఒక్కసారే చెప్పలేదు, వెనక క్యూ ఉంది. అత్తకు నెలల తరబడి తొడల్లో నొప్పి, లేవలేకపోతోంది అని మాటల్లో బయటపడింది. ఆమెను మాత్రం డాక్టరుకు చూపించమన్నాను. మిగతా ముగ్గురికి పదిన్నర ఎండ సంగతి చెప్పాను.

"ఐతే మిద్దె మీద వడియాలు మా ఆయన చేతే పెట్టిస్తా" అని నవ్వుతూ పోయింది, ఏమీ కొనకుండా. మా ఓనరు నావైపు ఒక చూపు చూశాడు.